తడి అడుగులు తుడిచేవాళ్ళు

జూలై 2
అత్తయ్య గారి కళ్ళ ఆపరేషన్ వాయిదా. మెడ మీది గడ్డ సంగతి తేలాకే శుక్లాలు తీస్తామన్నారు రాజమండ్రిలో. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టుకి పది రోజులట. పది రోజులు!

జూలై 3
అత్తయ్య గారు ట్రంకు పెట్టెలోంచి ఒక పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టారు. దెయ్యాల సీరియల్. ఎప్పుడో వారం వారం పత్రికలోంచి చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి దాచుకున్నది.
"నాకు కనబడి చావట్లేదు. నువ్వు చదివి పెట్టమ్మా."
ఇరవై ఏళ్ళుగా టెన్త్ పిల్లలకి పద్యాలు చెప్పిన నోటితో... ఈ రచయితని క్లాసులో ఎన్నిసార్లు వెక్కిరించానో. కాదనలేక సరే అన్నాను.

జూలై 4
కథలో కాలవ లాకు పక్కన ఒక ఇల్లు. రోజూ తెల్లారేసరికి తడి అడుగులు. రోజుకో అడుగు లోపలికి. ఇంతేనా అని నవ్వాను.
కానీ స్కూల్లో రెండు పీరియడ్లూ అదే ఆలోచన — రేపు ఎక్కడిదాకా వస్తాయో అని. సిగ్గేసింది.

జూలై 6
అరుపుల్లేవు, పుర్రెల్లేవు. "గడప దాటింది." రెండే మాటలు. ఒళ్ళు జలదరించింది. నేనిలాంటి ఒక్క వాక్యం రాయగలనా? లేను. ఒప్పుకుంటున్నాను.

జూలై 8
మరీ భయంకరంగా ఉందని ఒక పేరా దాటేశాను. ఆవిడ కళ్ళు మూసుకునే — "అమ్మాయ్, నూతి దగ్గరది వదిలేశావు."
కంఠతా వచ్చు! మరి నాచేత ఎందుకు చదివిస్తున్నారండీ అంటే, "పక్కన ఇంకొకరు భయపడుతుంటే నాకు ధైర్యంగా ఉంటుందమ్మా."
గడ్డ గురించి మాత్రం ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

జూలై 10
అసలు సంగతి ఇవాళ తెలిసింది. ఆ అడుగులు ఇంట్లో అందరికీ కనబడుతున్నాయి. మిగతావాళ్ళు బెదిరిపోతారని ఎవరికి వాళ్ళు చప్పుడు కాకుండా తుడిచేస్తున్నారు. దెయ్యం కన్నా ఆ తుడవడమే భయపెట్టింది.
మనుషుల్ని ఎంత ఎరిగినవాడు! చదవకుండానే తిట్టాను ఇన్నాళ్ళూ.

జూలై 12
మధ్యాహ్నం మా ఆయన రిపోర్టు తెచ్చారు. వంటింట్లోకి పిలిచి నా చేతికిచ్చారు. క్యాన్సరే.
"అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు." కవరు బియ్యం డబ్బా వెనక పెట్టారు.
సాయంత్రం ఆవిడ అడిగారు, రిపోర్టొచ్చిందా అని. ఇంకా లేదండీ అన్నాను. తర్వాత రోజూలాగే చదివాను. గొంతు కొంచెం కూడా వణకలేదు. నా మీద నాకే అసహ్యం.

జూలై 13
వాన. వరండాలో చివరి భాగం. గుడ్డ పట్టుకుని నేల మీదికి వంగిన కోడలితో ఆ ఇంటి పెద్దావిడ అంటుంది — "నేనూ చూశానే." పైకి చదవడం నావల్ల కాలేదు. పేజీ తిప్పేశాను.
"వదిలేశావు."
వెనక్కి తిప్పి చదివాను. ఆవిడ వీధి వైపు చూస్తూనే — "పొద్దున్న బియ్యం కొలుద్దామని వెళ్ళాను. డబ్బా వెనక చేతికి ఏదో తగిలింది. ఏంటమ్మా అది?"
కాఫీ పెట్టుకొస్తానని లోపలికొచ్చేశాను. డబ్బా వెనక కవరు లేదు. తలుపులోంచి కనబడుతోంది — ఆవిడ ఒళ్ళో, ఆ కుట్టిన పుస్తకం మీద. స్టౌ పక్కన నిలబడి ఇది రాస్తున్నాను. మా ఆయన ఊళ్ళో లేరు. పాలు పొంగుతున్నాయి.
"కాఫీ తర్వాత తాగుదాం అమ్మాయ్. వచ్చి ఇది చదివి పెట్టు."