పెన్‌డ్రైవ్ లేని ఇల్లు

ఆదివారం, ఉదయం

ఇక ఈ ఇంట్లో పెన్‌డ్రైవ్ ముట్టను! ఇదే నా ప్రతిజ్ఞ.

ప్రింటరు నా గదిలో, నా కంప్యూటర్‌కి తగిలించి ఉంది. మా ఆవిడ కంప్యూటర్ హాల్లో. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. ఏ కాగితం అచ్చు తీయాలన్నా పెన్‌డ్రైవ్ పట్టుకుని హాల్లోంచి గదికి, గదిలోంచి హాల్లోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. పోయిన వారం ఆ పెన్‌డ్రైవ్ బట్టలతోపాటు వాషింగ్ మెషీన్లోనూ తిరిగొచ్చింది.

రెండు కంప్యూటర్లూ ఒకదానికొకటి కనబడితే చాలు. హాల్లో నొక్కితే గదిలో అచ్చవుతుంది.

చేయాల్సినవి:
1. నా కంప్యూటర్‌కి మంచి పేరు పెట్టడం.
2. మిగతావి.

"యజమాని" అని పెట్టాను. సగం పని అయిపోయినట్టే!

మధ్యాహ్నం

ఆవిడకి చెప్పాను.

"ఈ వారం వద్దండీ. పదో తరగతి పరీక్ష పేపరు తయారు చేయమని మొదటిసారి నాకిచ్చారు. పదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. హెడ్మాస్టారి చేతిలో పెట్టేదాకా అది మన గుమ్మం దాటకూడదు."

గుమ్మం ఎందుకు దాటుతుంది? ఇది పూర్తిగా ఇంటి వ్యవహారం!

ఆవిడ భయమంతా పై వాటాలో ఉండే ట్యూషన్ మాస్టారి గురించి. ఆయన చెప్పేదీ లెక్కలే. ఆవిడ క్లాసులో సగంమంది సాయంత్రాలు ఆయన దగ్గరే. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. నాకు మాత్రం ఆయన మంచివాడే. ఒకసారి మా నెట్ పోతే తన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు. మాది బాగయ్యాక కూడా నా కంప్యూటర్ దాన్ని వదల్లేదు. ఊరికే వచ్చేదాన్ని కాదనడం మర్యాద కాదు.

సోమవారం

కనబడలేదు.

రెండూ ఆపి మళ్ళీ పెట్టాను. అందరికీ కనబడాలా అని అడిగిన ప్రతిచోటా అవునన్నాను. అయినా నా తెర మీద "యజమాని" ఒక్కడే ఉన్నాడు.

బావమరిది ఫోన్ చేశాడు. వాడి ఉద్యోగం ఇదే.

"బావా, రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా?"

ఒకే ఇంట్లో ఉన్నవి ఒకే వైఫైలో ఉండక ఇంకెక్కడుంటాయి! "నాకు పాఠాలు చెప్పకు" అన్నాను.

"పోనీ ఆదివారం నేనొచ్చి చూస్తాలే."

అక్కర్లేదన్నాను. పిల్లనిచ్చినవాళ్ళ ముందు తల వంచే రకం కాదు నేను.

మంగళవారం

బయటి కంప్యూటర్లని లోపలికి రానివ్వని ఫైర్‌వాల్ తీసేశాను. మన ఇంట్లో మనకి గోడలెందుకు?

కనబడలేదు. దూరం ఎక్కువైందేమోనని ఆవిడ బల్లని నా గది గుమ్మం దాకా జరిపాను. ఆవిడ మోకాలికి తగిలింది. కంప్యూటర్లకి మాత్రం ఏమీ తగల్లేదు.

"నీ కంప్యూటర్ పాతది. దానిదే లోపం" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట" అంది మోకాలు రుద్దుకుంటూ.

బుధవారం, సాయంత్రం

ఆవిడ పెన్‌డ్రైవ్‌తో నా గదికొచ్చింది. ముట్టనన్నది నేను. ఆవిడ ముట్టుకుంటే నా ప్రతిజ్ఞకేం? పేపరు అచ్చు తీసి చదువుకుని, తప్పులన్నీ నా కంప్యూటర్లోనే దిద్దింది.

"దీన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచండి, స్నానం చేసొస్తా."

అప్పుడు కనబడింది!!!

"యజమాని" పక్కన ఇంకో కంప్యూటర్! దాని పేరు ఏవో అక్షరాలూ అంకెలూ. ఈవిడకి పేరు పెట్టే ఓపిక కూడా లేదు. తెరిచాను. "లెక్కలు, పదో తరగతి" అని ఫోల్డరు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పేపరు లాగి అందులో వదిలాను. రెండే సెకన్లు! పెన్‌డ్రైవ్‌ని చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకున్నాను.

"నా దాంట్లో లేదేమండీ?" అంది, తల తుడుచుకుంటూ.

"చూడ్డం రావాలి" అన్నాను. "పొద్దున నేర్పిస్తాలే."

బావమరిదికి ఫోన్ చేసి నెట్‌వర్కంటే ఏమిటో అరగంట వివరించాను.

గురువారం

పొద్దున్నే తలుపు కొట్టారు. పై వాటా మాస్టారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"టీచర్ గారూ, పిల్లలు హోంవర్కు వేయడానికి నిన్ననే నా కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచి పెట్టాను. సాయంత్రం పాఠం చెబుతుండగా అందులో కొత్తది వచ్చి పడింది. ఎవరి హోంవర్కో అనుకుని గోడ మీది పెద్ద తెర మీద తెరిచాను. అది మీ పరీక్ష పేపరు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "పిల్లలు చూశారా?"

"చూశారు. వెంటనే మూసేశాననుకోండి. కానీ అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి."

"మా ఇంట్లోది మీ ఇంటికెలా వచ్చింది?"

"మీవారు నా వైఫైలోనే ఉంటారుగా! ఏడాదైంది. పోనీలెమ్మని ఊరుకున్నాను." మెట్లెక్కబోతూ ఆగాడు. "అన్నట్టు, ఆరో లెక్కకి జవాబు రాదు."

అన్నిటికన్నా ఆ చివరి మాటకే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పులేసుకుని బడికి బయల్దేరింది. నా మీద అరిచినా బాగుండేది.

సాయంత్రం

ఆవిడే వెళ్ళి హెడ్మాస్టారికి చెప్పేసింది. ఉద్యోగం ఉంది. పేపరు పని మాత్రం తీసేసి ఇంకొకరికిచ్చారు. ఇక ఎప్పటికీ ఇవ్వరట.

బాధగానే ఉంది. కానీ న్యాయంగా మాట్లాడుకుంటే, పంపడంలో నా లోపమేమీ లేదు. రెండు సెకన్లలో వెళ్ళింది.

శుక్రవారం

మాస్టారు పాస్‌వర్డ్ మార్చేశాడు. నా కంప్యూటర్ దిక్కులేక మా ఇంటి వైఫైకే వచ్చి పడింది.

పడగానే ఆవిడ కంప్యూటర్ కనబడింది! దీని పేరు కూడా ఏవో అక్షరాలూ అంకెలే. నేను వేలు కూడా కదపలేదు. (ఇది బావమరిదికి తెలియనక్కర్లేదు.)

తెరిచాను. ఒకటే ఫోల్డరు: "ఆయన ముట్టుకోకూడనివి". నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

ఆవిడ కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కుంది. దాన్ని మెడలో వేసుకుని, నా గది ముందునుంచే వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్ళి అచ్చు తీయించుకుంటోంది.

శనివారం

రెండు రోజులుగా మాటల్లేవు. నోటితో చెప్పడం నాకు చేతకాదు. నా కంప్యూటర్ పేరు మార్చాను. "యజమాని" తీసేసి "క్షమించు" అని పెట్టాను. ఆవిడ తెర మీద కనబడుతుంది కదా!

సాయంత్రం దాకా గదిలోనే కూర్చుని చూశాను. ఆరు దాటాక ఆవిడ కంప్యూటర్ పేరు కూడా మారింది. ఆ అక్షరాలూ అంకెలూ పోయాయి.

"నమ్మను".

పేరేదైతేనేం, కనబడుతోంది! సోమవారం అది కూడా లేదు.

రేపటి నుంచి టీవీని కలుపుతాను. ఆవిడ కాగితాలేవీ అందులో ఉండవు కదా. ముందు దానికో మంచి పేరు పెట్టాలి.