బోటు గొట్టాన్ని రోలరు కింద వేయవద్దని మనవి

శ్రీయుత సబ్ ఇన్‌స్పెక్టరు వారి సముఖమునకు, చినమొగపేట నివాసి, చేపల వర్తకుడు సూరాడ హరిబాబు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమరు స్వాధీనపరచుకొన్న పాత మోటారు సైకిలు యొక్క సైలెన్సరును రాబోవు సోమవారం జంక్షనులో రోడ్డు రోలరు కింద వేయకుండా తిరిగి ఇప్పించు విషయమై.

నేను శ్రీకూర్మం అవతల, సముద్రపు ఒడ్డున గల చినమొగపేటలో నా తల్లి మరిడమ్మ, మా వదిన గౌరి గార్లతో కాపురముంటున్నాను. పొద్దున్నే బోట్ల వద్ద చేపలు కొని, బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్లి అమ్మి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతాను. పోయిన వారం అట్లు తిరిగి వచ్చుచుండగా తమ సిబ్బంది నన్ను ఆపి, శబ్దము మితిమీరినదనియు, కంపెనీవి కాని సామాన్లు బిగించి ఉన్నవనియు బండిని స్టేషనుకు తరలించినారు. జరిమానా విషయమై నాకు పేచీ లేదు. ఈ దిగువ సంగతులు మాత్రము మనవి చేసుకొనుచున్నాను.

1. తమ కాగితములో "గుర్తు తెలియని లోహపు ముక్కలు" అని వ్రాసియున్నది. అవి గుర్తు తెలియనివి కావు. కాళ్లు పెట్టుకొను కడ్డీలు మా అన్న లక్ష్ముడి బోటులో ఇంజను తిప్పే పిడి నుండి కోసినవి. హెడ్‌లైటు చుట్టూ ఉన్న ఇత్తడి కట్టు ఆ బోటును నీటిలో నెట్టే పంకా రెక్క. గొలుసు మీది మూత ఇంజను రేకు. సైలెన్సరు ఆ ఇంజను పొగగొట్టము. జంక్షనులో కానిస్టేబులు జగన్నాధం గారు శబ్దము విని, "ఇది బండేటి, బోటేటి?" అని అడిగినారు. ఆయన ఒక్కరే సరిగా గుర్తుపట్టినారు.

2. రెండేళ్ల క్రిందట వేటకు పోయి వస్తూ, ఏరు సముద్రంలో కలిసే చోట మా అన్న బోటు తిరగబడినది. తోడు పోయిన ఇద్దరూ ఈది వచ్చినారు. అన్న రాలేదు. కొన్నాళ్లకు ఇసుకలో కూరుకుపోయిన బోటూ, ఇంజనూ దొరికినవి. మనిషి దొరకలేదు. దర్భలతో బొమ్మ కట్టి కర్మ చేయించమని పెద్దలు చెప్పగా మా తల్లి, "ఆడు రాకుండా ఆడికి కర్మేటి?" అని బొమ్మను విసిరికొట్టినది. ఆ కర్మ నేటికీ జరగలేదు.

3. బండి కూడా అన్నదే. పాకలో తుప్పు పట్టి పడి ఉన్నది. అది ఎంత పాతదనగా, సామాన్ల కోసం వెళ్తే షాపువారు నవ్వి పంపినారు. నాకు బతుకుతెరువు కావలె. సముద్రం మీదికి పోవడానికి ధైర్యం చాలలేదు. అందుచేత పెరట్లో రైలు పట్టా ముక్కను దాగలిగా వేసుకొని, ఆ బోటు ఇంజను ముక్కలను రంపముతో కోసి, బొగ్గుల మీద కాల్చి వంచి, ఆకురాయితో అరగదీసి, ఇత్తడిని చింతపండుతో తోమి సామాన్లన్నీ నా చేతులతోనే చేసుకొన్నాను. అతుకు పెట్టడానికి మాత్రము శ్రీకూర్మంలో వెల్డింగు షాపు బెన్హర్ వద్దకు పోయినాను. అవి అందంగా వచ్చినవి. ఈ మాట అర్జీలో వ్రాయరాదేమో గాని వ్రాయుచున్నాను.

4. తమరు సముద్రం ఊరివారు కారు గనుక ఇది తెలుపవలసియున్నది. మా పేటలో ఆడవాళ్లు బోటును కంటితో చూడరు, చెవితో చూస్తారు. ఇంజన్లన్నీ ఒకే కంపెనీవైనా గొట్టానికి ఎవరి బాగుచేత వారిది గనుక ఏ బోటు శబ్దం దానిదే. ఇంట్లో బియ్యం కడుగుతూనే ఫలానా వారి బోటు వచ్చిందని చెప్పి, బుట్ట తీసుకొని ఒడ్డుకు నడుస్తారు. మా అన్న ఒకసారి గొట్టం పగిలితే రేకు ముక్క వేసి తనే అతికినాడు. అప్పటి నుంచి దాని శబ్దం గట్టిగా ఒక దెబ్బ, దాని వెనుక చిన్న ఈల.

నేను బండిని పెరట్లో మొదటిసారి స్టార్టు చేసిన రోజున అదే దెబ్బ, అదే ఈల. ఇది నేను ముందుగా ఊహించవలసినది, ఊహించలేదు. మా తల్లి పొయ్యి దగ్గర నుంచి లేచి, "బేగి రా గౌరీ, ఆడొచ్చీసేడు" అని బుట్ట పట్టుకొని ఒడ్డుకు పోయినది. ఆమెను ఆపడానికి నేను ఆ బండి మీదనే వెంబడి పోయినాను. శబ్దము దగ్గర పడుతున్న కొద్దీ ఆమె పరుగు ఎక్కువైనది.

5. శబ్దము తగ్గించే ప్రయత్నము చేయలేదని తమరు అనుకొనరాదు. వదిన నాతో, "ఆ గొట్టం పీకీ హరీ. రోజూ సచ్చిపోతన్నాను" అన్నది. బెన్హర్ చేత గొట్టం లోపల జల్లెడ వేయించినాను. ఈల పోయినది. ఆ రోజు అమ్మ గుమ్మంలో కూర్చొని, "ఇయాల ఆడు రాలేదురా" అని అన్నం ముట్టలేదు. మరునాడు నేనే జల్లెడ తీసివేసినాను.

6. అప్పటి నుంచి తమరు బండిని పట్టుకొను వరకు జరిగినది ఇది. బజారు నుంచి వస్తూ కొన్ని చేపలు మిగుల్చుకొని, తిన్నగా ఒడ్డుకు పోయి ఇంజను ఆపేవాణ్ణి. అమ్మ బుట్ట పట్టేది, నేను చేపలు పోసేవాణ్ణి. "లక్ష్ముడా, అలిసిపోనావేటిరా?" అని అడిగేది. నేను పలికేవాణ్ణి. తరువాత ఆమె నిమ్మళంగా ఇంటికి వచ్చి, "మీ ఆయన తెచ్చేడే" అని బుట్ట వదిన ముందు పెట్టేది. వదిన వండేది, తినేది కాదు. మా తల్లికి మతి చలించలేదని తమరు గమనించవలెను. చేపల ధర దగ్గర ఆమెను మోసగించినవారు మా పేటలో లేరు. ఈ ఒక్క విషయములోనే ఆమె అట్లు. నిజము చెప్పవలెనంటే, ఈ మధ్య ఎవరైనా హరీ అని పిలిస్తే నేను వెంటనే పలకడం లేదు. నాకు భయముగా ఉన్నది.

7. బండి పోయిన నాటి నుంచి అమ్మకు ఒడ్డు నుంచి తిరిగి వచ్చే వేళ లేకుండా పోయినది. శబ్దం వినబడితే పోయి, ఆగితే వచ్చే మనిషి. ఇప్పుడు తెల్లారి పోయి ఎండలోనే కూర్చుంటున్నది. బండి పోలీసుల వద్ద ఉన్నదని నచ్చజెప్పబోతే, "బండేటిరా? నాను బోటు కోసం సూస్తన్నాను" అన్నది. నిన్న నడుము లోతు నీటిలోకి దిగినది. వదిన జుట్టు పట్టి లాక్కొచ్చినది.

కావున ప్రార్థించునదేమనగా, రోలరుకు ఇనుము కావలసియున్న ఎడల కడ్డీలు, ఇత్తడి కట్టు, మూత అన్నియు తీసుకొనవచ్చును. పాత ఇనుములో ఎక్కడైనా వెదకి తెచ్చి, పట్టణములో కంపెనీ సైలెన్సరుతోనే తిరుగుదును, అట్లని వ్రాసి ఇత్తును. ఆ గొట్టమును మా పేటలో, ఒడ్డు వరకు మాత్రమే వాడుకొందును. మా అన్నవి సముద్రం తిరిగి ఇచ్చినవి ఆ ముక్కలే. నా మొర చిత్తగించి, రోలరు కదలక మునుపే ఉత్తరువు దయచేయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సూరాడ హరిబాబు

తా.క.: పైన సంతకం పెట్టి కాగితం మడవబోతున్నాను. మిట్టమధ్యాహ్నం. అమ్మ నిన్నటి తడుపుకు జ్వరం వచ్చి లోపల నిద్రపోతోంది. సముద్రం వైపు నుంచి ఆ శబ్దం వచ్చింది. దెబ్బ, వెనుక ఈల. దాన్ని మా పెరట్లో ఇన్నాళ్లు మలిచినవాణ్ణి, పొరపాటు పడను. బండి మీ దగ్గరుంది. తాళం నా జేబులో ఉంది.

అమ్మ లేవలేదు. వదిన లేచింది. ఆ గొట్టం పీకెయ్యమన్న మనిషే బుట్ట తీసుకుని గుమ్మంలో నిలబడి, "బండి టేసన్‌లో ఉందన్నావు కదా హరీ, మరి ఇదేటి?" అని అడిగింది. ఆమె ఒడ్డుకు వెళ్లింది. ఇంకా రాలేదు.

బండి ఇంట్లో ఉంటే, మన బండేలే వదినా, అనేవాణ్ణి. సోమవారం దాకా ఆగకండి బాబూ. ఆ ఒక్క మాట అనడానికైనా నాకు ఆ గొట్టం కావాలి.