పై తోట కప్పు

మార్చి 3
అక్కావాళ్ల కాఫీ తోట నుంచి ఇప్పుడే వచ్చి నా కాఫీ పొడి షాపు షట్టర్ ఎత్తాను. గిరాకీ లేదు, ఈలోపు టైప్ చేసేస్తున్నా.

బావ ఈసారి గట్టిగానే ఉన్నాడు. పై తోటలో అడవి చెట్లన్నీ కొట్టించేస్తాడట. నీడ ఎక్కువై కాయ లేటుగా పండుతోంది, కింద తోట కోత అవగానే కూలీలు వెళ్లిపోతున్నారు, ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చుకోవాల్సి వస్తోంది అంటాడు. అబద్ధం కాదు. మొన్న నేనే షాపు మూసి వెళ్లి కోశాను. నా నడుము ఇంకా మర్చిపోలేదు.

అక్కేమో నిదానంగా పండబట్టే గింజకి ఆ తీపి అంటుంది. స్పెషాలిటీ కాఫీ అని బోర్డు పెట్టి చెట్లు కొట్టేస్తే ఇంక స్పెషల్ ఏం మిగుల్తుంది, మీ మీసం తప్ప, అంది. బావ మీసం తడుముకున్నాడు. నేను గ్లాసులో మొహం దాచుకున్నాను.

మార్చి 11
అక్క ఫోన్. పై తోటలో అన్నిటికన్నా పెద్ద చెట్టు తొర్రలోకి పెద్ద ముక్కు హార్న్‌బిల్ ఆడపిట్ట వెళ్లిందట. లోపల కూర్చుని తలుపు మట్టితో మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు వదిలి. ఆ సందులోంచి మొగుడే తిండి అందించాలి. ఇప్పుడా చెట్టు పడితే తల్లీ గుడ్డూ లోపలే.

మొగుడంటే అలా ఉండాలి అన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉందట. బావ విన్నాడట.

మార్చి 12
చెట్లు కోసే మిషన్ అతను ఈ నెలాఖరుకి వస్తానన్నాడట.

మార్చి 20
ఒప్పందం కుదిరింది. ఆలోచన అక్కది. రెండు తోటల్లోనూ ఒకే రకం మొక్కలు, గింజలు ఎండబెట్టింది ఒకేలా. రెండూ నేను వేయించి, పొడి కొట్టి తేవాలి. ఏది ఏదో చెప్పకుండా బావ చేత తాగించాలి. పై తోటది నచ్చితే చెట్లుంటాయి. కింద తోటది నచ్చితే అక్క ఇంక నోరెత్తదు.

బావ మొండివాడే గానీ నాలుకతో అబద్ధమాడడు. కూర బాగోకపోతే అక్క మొహం మీదే చెప్పేసి పస్తు పడుకునే రకం.

మార్చి 23
ఓడిపోయాం.

గుర్తు కోసం పై తోట కప్పు అడుగున సుద్దగీత పెట్టాను. బావ రెండూ తాగి, గీత లేనిది ముందుకి జరిపాడు. కాఫీ అంటే ఇదీ, చిక్కగా, అలవాటైన రుచి, అన్నాడు. అక్క కప్పులు తీసుకెళ్లి బట్టలు ఉతికినట్టు తోమింది. బావకీ గెలిచిన కళ లేదు. బయటికెళ్దామని చెప్పులు వెతుక్కున్నాడు. కాళ్లకే ఉన్నాయి.

మార్చి 24, పొద్దున్నే, షాపులో
నా మొహం మండ.

పొడి కొట్టబోతూ మిషన్ మూత తీశాను. అంచుల నిండా చికోరీ. నా షాపు పొడిలో చిక్కదనానికి అది కలుపుతాను, ఊరందరికీ అదే ఇష్టం. ఆ రోజూ ఇలాగే ఉన్న మిషన్ దులపకుండా ముందు కింద తోట గింజ పోశాను. పట్టి ఉన్న చికోరీ అంతా దాన్లోకి పోయింది. తర్వాత పోసిన పై తోటది శుభ్రంగా వచ్చింది. బావకి నచ్చింది కింద తోట కాదు, చికోరీ!

నచ్చదా మరి? అంత తోట పెట్టుకుని, మంచి గింజంతా అమ్మేసి, ఇంట్లో ఏళ్ల తరబడి తాగేది నేను పంపే పొడే.

వెంటనే ఫోన్ చేశాను.

"ఓడిపోయాక మిషన్ మీదకి తోసేస్తున్నావేం మరదలా?"

"ఇంకోసారి తాగు బావా. అప్పుడూ అదే మాటంటే, కోత మిషన్‌లో పెట్రోల్ నేనే పోస్తా."

మార్చి 26
చేత్తో తిప్పే కొత్త మర కొనుక్కుని వెళ్లాను. అక్క వంటింట్లోనే తిప్పాను. బావ రెండూ ఒక్కో గుక్క తాగి, రెండూ నీళ్లే అన్నాడు. ఈలోపు కోత మిషన్ అతను దిగాడు. బావ వాకిట్లోకి వెళ్లి అతనితో మాటల్లో పడ్డాడు.

అక్క కప్పులు ఎత్తేయబోతే ఆపాను. కాఫీ బండారం చల్లారాకే బయటపడుతుంది. నా వ్యాపారంలో రోజూ చూసేదే.

బావ మిషన్ అతనికి చెట్లు చూపిద్దామని గొడుగు కోసం లోపలికొచ్చాడు. దాహమేసి చేతికందిన కప్పు ఎత్తాడు. ఆగాడు. మళ్లీ తాగాడు. రెండో కప్పు రుచి చూసి పెట్టేసి, మొదటిది ఖాళీ చేశాడు.

"పండు వాసనొస్తోందే. ఇది మన తోటదేనా?"

అక్క ఆ కప్పు తిరగేసి సుద్దగీత చూపించింది.

"పైదే" అంది.

బావ గొడుగు మళ్లీ మేకుకి తగిలించాడు. మిషన్ అతన్ని పిలిచి, పని లేదు, కాఫీ తాగి వెళ్లమన్నాడు. పై తోటదే వేడిగా ఇచ్చాం. అతను మొహం చిట్లించి, చక్కెర ఉందా అన్నాడు. అక్క నవ్వలేక గడప మీద కూలబడిపోయింది.

మార్చి 27
కూలీల బెంగ మాత్రం అలాగే ఉంది. వచ్చే ఏడు పై తోట కోతకి నన్నే మేస్త్రీని చేశాడు బావ. నా నడుముకి ఇంకా చెప్పలేదు.

జూలై 2
తొర్రలోంచి పిల్ల ఎగిరింది! బావ చెట్టు కింద నుంచి ఫోన్ చేసి, దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. పెద్ద దుప్పటి దులుపుతున్నట్టు రెక్కల చప్పుడు. గిరాకీ నిలబడే ఉంది, నిలబడనిచ్చాను.

పెట్టేసే ముందు గొంతు సవరించుకుని, ఇంక నీ పొడి పంపకు మరదలా, అన్నాడు.

పాత కస్టమర్ ఒకడు పోయాడు.