ఐదో మాల

నరసాపురం,
6 ఆగస్టు 2001.

శ్రీవారికి,

స్వామిగారికి కాదు, నా భర్తకి రాస్తున్నాను. మనింట్లో ఫోన్ హాల్లో ఉంది. మీ అక్కగారు బంగారమ్మ వదిన దాని పక్కనే కూర్చుంటారు. అందుకే ఉత్తరం.

చెల్లెలికి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చాను. అబద్ధం. అది కులాసాగా లేసు అల్లుకుంటోంది. శనివారం మీరు ఎర్రబట్టలు ఉతికించమన్నారు, దసరాకి మళ్లీ భవానీ మాల వేస్తానన్నారు. అది విని వచ్చేశాను.

నిరుడు మార్చిలో మీకు గుండెపోటు వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే వదిన మీ మంచం హాల్లో వేయించారు. "ఇక వాడి జోలికి వెళ్లకమ్మా, వాడు బతకాలి" అని నలుగురి ముందూ నాతో అన్నారు. తలవంచుకున్నాను. మీ ప్రాణం కంటే నాకేది ఎక్కువ? దసరాకి భవానీ మాల, కార్తీకంలో అయ్యప్ప మాల, శివరాత్రికి శివ మాల, వేసవిలో హనుమాన్ మాల. మాల తీసిన రోజుల్లోనూ మీరు హాల్లోనే పడుకున్నారు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషిని పట్టుకుని "మాతా, కాసిని మంచినీళ్లు" అంటుంటే నా ఒళ్లు మండేది. మధ్యలో దేవుడున్నాడు కనక నోరు మూసుకున్నాను.

పోయిన సోమవారం రాజమండ్రిలో మీరు ఈసీజీ గదిలోకి వెళ్లాక డాక్టరమ్మగారు నన్ను అడిగారు.

"మీరిద్దరూ మామూలుగానే ఉంటున్నారా అండి?"

"ఉప్పు తగ్గించామండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. "కూరల సంగతి కాదండి. ఆయనకి మూడో నెల్లోనే చెప్పాను. నొప్పి, ఆయాసం లేకుండా రెండంతస్తులు ఎక్కగలిగితే భార్యాభర్తలు కలిసి ఉండొచ్చు. మాత్రలు మానకూడదు, అంతే. మంచిది కూడా. నిద్ర పడుతుంది, దిగులు తగ్గుతుంది. మీతో చెప్పలేదా?"

రెండంతస్తులు. జనవరిలో మీరు ఇరుముడి నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా శబరిమల కొండెక్కి వచ్చారు.

ఆవిడే నా బీపీ చూశారు. నూట అరవై. ఏడాదిగా నాకు నిద్ర లేదని మొదటిసారి ఒకరితో చెప్పాను. మీ గుండె గురించి ఊరంతా అడిగింది. నా గురించి మీరు కూడా అడగలేదు. నా వయసు నలభై మూడు. నాకూ ఒళ్లుంది. ఈ మాట రాయడానికి సిగ్గుపడటం లేదు. నా మీద ఇష్టం పోతే పోయిందని చెప్పండి, దేవుళ్లని అడ్డం పెట్టుకోకండి. ఐదో మాల వేస్తే నేనిక్కడే ఉండిపోతాను.

రత్నమాణిక్యం


భీమవరం,
15 ఆగస్టు 2001.

మాణిక్యానికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డాక్టరమ్మ చెప్పింది నిజం. దాచింది నేనే.

పక్కింటి భీమరాజు గుర్తున్నాడు కదా. నాకు వచ్చిన నాలుగు నెలలకి అతనూ గుండెపోటుతోనే పోయాడు. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉండిపోయావు, నేను వెళ్లాను. నాన్న మాత్రలు మానేసి నెలైందని కొడుకు చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. శవం లేవకముందే అతని భార్యని, మొహం మీదే, "పక్కలో పెట్టుకుని మింగేసింది" అన్నారు. ఆ మాట అన్నది మా అక్క. నాకు చావంటే భయం లేదు. నిన్ను ఆ మాట అంటారని భయం. నా మెళ్లో మాల ఉంటే నిన్నెవరూ వేలెత్తి చూపలేరనుకున్నాను. నిన్ను అడక్కుండా నిన్ను కాపాడాలనుకున్నాను. తప్పు నాది.

నిన్న భోజనాల దగ్గర డాక్టరమ్మ మాట ఉన్నదున్నట్టు అక్కకి చెప్పాను. ముద్ద ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

"సిగ్గు లేదురా నీకు?" అంది.

"నేనెప్పుడు పోయినా మాణిక్యాన్ని ఏమీ అనకక్కా. డాక్టరు చీటీ బీరువాలో పెట్టాను, అడిగినవాళ్లకి చూపించు" అన్నాను.

మంచం హాల్లోంచి మేడ మీది గదిలోకి మార్పించాను. ఇరవై ఆరు మెట్లు. వారంగా పొద్దునా సాయంత్రం రెండేసి సార్లు ఎక్కి దిగుతున్నాను. ఆయాసం రావడం లేదు.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. మామూలు బట్టల్లో.

నీ గంగరాజు