జడ్చర్ల నుంచి దేవరకొండకు విమానం

గొర్రెల టీకాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
జడ్చర్ల దగ్గరి గొర్రెల కాపరి గుర్వయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లేని విమానం లెక్కన మా మందకు చిటుకు రోగం టీకాలు నిరాకరించుట గురించి.

1. నేను, నా భార్య జానమ్మ ఎండకాలంలో మందను తోలుకొని దేవరకొండ వైపు వలస పోయినాము. అక్కడి రైతుల చెలకల్లో రాత్రిళ్లు మంద పెడతాము. ఎరువు వారికి, గింజలు మాకు. ఇది తాతల నాటి పద్ధతి. తొలి వానకు మొలిచిన లేత గడ్డి మేస్తే గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి ఉండదు. అందువలన గడ్డి మొలవక ముందే టీకా పడవలెను. అక్కడి పశువుల ఆసుపత్రి వారిని టీకా అడిగితే, "మీది మా జిల్లా గాదు, మీ కాడికే పోండ్రి" అన్నారు.

2. మందను జానమ్మకు అప్పగించి, బస్సెక్కి తమ ఆఫీసుకు వచ్చితిని. తమరు నా కాగితంపై వ్రాసిన ఉత్తర్వు ఇది: "జడ్చర్ల, దేవరకొండల మధ్య వాయు దూరం ఎనభై మూడు కిలోమీటర్లు. ప్రయాణ సమయం పది నిమిషాలు. కావున అర్జీదారు మందను రేపు ఉదయం శిబిరంలో హాజరుపరచవలెను."

తమ గుమాస్తా నరేష్ గారిని అడిగితిని.

"పది నిమిషాలేంది సారూ? పొద్దుగాల బస్సెక్కితే పగటీలికి దిగిన."

ఆయన ఫోను చూపించినారు. "గిండ్ల ఉన్నది సూడు. విమానం టైమది."

"దేవరకొండల విమానం యాడ ఎక్కాలె?"

"గదంత నాకు తెల్వది. సారు సంతకమైపోయింది."

తెలియనిది తెలియదని చెప్పిన మనిషి తమ ఆఫీసులో ఆయన ఒక్కరే.

3. రెండు ఊళ్లలోనూ విమానం దిగే జాగా లేదని మనవి. ఉన్నా గొర్రెలను ఎక్కించుకోరు. మంద నడిచి వస్తుంది. చూడి గొర్రెలు ఆగి ఆగి నడుస్తాయి. కొత్తగా పుట్టిన పిల్లలను జానమ్మ గంపలో పెట్టి నెత్తిన మోస్తుంది. ఇట్లా వచ్చేసరికి వారం దాటుతుంది. మొన్ననే అక్కడ తొలి వాన పడింది, చెలకలు పచ్చబడుతున్నవి. గడ్డికి కూడా తమరు ఆగమని ఉత్తర్వు ఇచ్చినారా?

4. అయ్యా, నాకు అసహ్యం వేస్తున్నది. చల్లని గదిలో కూర్చొని ఫోను మీద వేలితో గీత గీసి, ఆ గీత మీద నా గొర్రెలను నడవమన్నారు. మందు సీసాలు తమ కుర్చీ వెనక ఫ్రిజ్‌లోనే ఉన్నవి. తమరు దాని తలుపు తీసి మజ్జిగ ప్యాకెట్ అందుకొన్నప్పుడు కండ్లారా చూసితిని. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు. మేమూ ఆఫీసునే నమ్మినాము.

కావున ఆ మందు సీసాలైనా నా చేతికి ఇప్పించవలెను, లేదా ఆ విమానమైనా పంపించవలెను. సూది వేయుట మాకు వచ్చును. నోరులేని మా మంద పక్షాన ఈ మనవి చిత్తగించవలెను.

ఇప్పటికింకా తమ విధేయుడు,
గుర్వయ్య

తా.క.: సంతకం పెడుతుండగా జానమ్మ ఫోన్ చేసింది. "ముందు నడిచే పెద్ద గొర్రె పడిపోయింది. పిల్ల ఇంక దాని పొదుగు కాడ్నే కుడుస్తాంది, తల్లి సచ్చిందని దానికి తెల్వది. నువ్వు యాడున్నవ్?" అన్నది.

సారూ, నేను మీ వరండలనే ఉన్న. ఐసు డబ్బా తెచ్చుకున్న. గా ఫ్రిజ్ తలుపు ఇంకొక్కసారి తియ్యిండ్రి.