ఇయ్యాల ఏం రంగు

అక్టోబర్ 14

కోస్గి దగ్గరి ఈ వాతావరణ కేంద్రానికి వచ్చి నాలుగు నెలలు. ఒక గది, ఒక కంచె, లోపల వర్షమాపకం. మనిషిని నేనొక్కదాన్నే. పొద్దున ఎనిమిదిన్నరకు రీడింగ్ తీసి హైదరాబాద్‌కు పంపుతాను. అటునుంచి 'రిసీవ్డ్' అని వస్తుంది. అంతే.

సుక్కమ్మ లేకపోతే పిచ్చెక్కేది. రోజూ గొర్ల మందతో కంచె పక్కనుంచి పోతూ ఆగి, బిడ్డా, ఇయ్యాల ఏం రంగు అని అడుగుతుంది. బులెటిన్‌లో రోజుకో రంగు ఇస్తారని ఎప్పుడో చెప్పాను. ఆకుపచ్చ అంటాను, అంటే ముప్పేమీ లేదని. పోతుంది. ఆ రెండు ముక్కల కోసం ఎనిమిదింటికే తల దువ్వుకుని నిలబడుతున్నాను. సిగ్గు లేదు నాకు.

అక్టోబర్ 19

వాన 0.0 మిల్లీమీటర్లు. సుక్కమ్మ రాలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్టోబర్ 22

బంగాళాఖాతంలో తుఫాను. సముద్రం ఎక్కడ, మేమెక్కడ! అయినా దాని వాన ఇక్కడిదాకా వస్తుందట. ఎల్లో అలర్ట్. ఎల్లో అంటే సుక్కమ్మకేం తెలుస్తుందని పసుపు అన్నాను. మంచిదే బిడ్డా అని సంబరపడింది.

అక్టోబర్ 23, ఉదయం 8.50

జల్లు. 12.4. రెడ్ అలర్ట్, అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక. ఎరుపు అని చెప్పాను. నిన్న పసుపు, ఇయ్యాల కుంకుమ, ఇంకేం గావాలె, వాగుల గడ్డి మంచిగున్నది, గాడికే తోల్కవోత అని నవ్వింది. వాగు అన్న మాట విన్నాను. ఆమె నవ్వుతుంటే నేనూ నవ్వాను.

సాయంత్రం 4.10

ఇప్పటికే 140 దాటింది. సుక్కమ్మ భర్త గుర్వయ్య తడుస్తూ వచ్చాడు. గీడికొచ్చిందా అని అడిగాడు. పొద్దున ఆయన పోవద్దంటే, వానల పిల్లనే పసుపుకుంకుమలని చెప్పింది, అంతా శుభమే అన్నదట.

నాకది తట్టనే లేదు. మా నాయిన నూలుకు రంగులద్దుతాడు. మా ఇంట్లో ఎరుపు అంటే ఒట్టి ఎరుపే. తహసీల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. మనుషులను పంపుతున్నామన్నారు. సుక్కమ్మ దగ్గర ఫోన్ లేదు.

అక్టోబర్ 24

బతికింది. తుమ్మచెట్టు పట్టుకుని ఉందట. గొర్లు నలభై దాకా కొట్టుకుపోయాయి. దవాఖానకు పోయాను. నన్ను చూసి గోడ వైపు తిరిగింది.

ఎల్లో అనే అని ఉంటే, కొత్త మాట కదా, గదేంది బిడ్డా అని అడిగేది. ఆమెకు అర్థం కావాలనే తెలుగు చేశాను. వాగుకు పోవద్దు అన్న రెండు మాటలు మాత్రం నా నోట రాలేదు.

హైదరాబాద్ నుంచి సార్ ఫోన్ చేసి రీడింగ్స్ కరెక్ట్‌గా పంపావమ్మా అని మెచ్చుకున్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

అక్టోబర్ 31

గొర్ల మెడ గంటల చప్పుడు లేదు. అయినా తల దువ్వుకున్నాను.

నవంబర్ 9

0.0. సుక్కమ్మ ఏడు గొర్లతో వచ్చింది. రంగు అడగలేదు. వాన రాదు పెద్దమ్మా, వాగు పొంగదు అన్నాను. ఇంకోపారి చెప్పమన్నది. చెప్పాను. ఇంకోపారి అన్నది.