జుమ్మా నాడు మార్చిన ఇంజన్

బీరంగూడ,
17 జూలై 2025, గురువారం.

పెద్దలు మొహియుద్దీన్ ఉస్తాద్ గారికి,

మీ ప్రవీణ్ సలాం చేసి రాసుకుంటున్న సంగతులు. జహీరాబాద్‌లో బిడ్డ ఇంట్లో మీరు, జైతూన్ బీ అమ్మ మంచిగున్నరని అనుకుంటున్న. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం రివాజు. ప్రాణాలతో ఉన్నం, అంతవరకు నిజం. క్షేమమా అంటే మాత్రం ఏం రాయాలో తెలుస్తలేదు.

మీకు ఏడుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలేదు. ఎత్తితే ఏం మాట్లాడేవాణ్నో నాకే తెలియదు గనుక ఒక రకంగా మంచిదే అయింది. మీరు ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన్రు, ఏ కాగితమైనా అద్దాలు పెట్టుకొని ఆఖరు దాకా చదువుతరు. ఆ ధైర్యంతోనే రాస్తున్న. మధ్యలో చింపెయ్యకండి.

ముందు నా భయం చెప్పుకుంట. ఇంజన్ స్టార్ట్ చేస్తే అరచేతులకు చెమట పడుతోంది. సిగ్నల్ దగ్గర ఏ లారీ పొగ వాసన వచ్చినా నా బండే అనుకొని దిగి, రోడ్డు మీద మోకాళ్లేసి కింద చూస్తున్న. వెనక హారన్లు కొడుతుంటరు, నవ్వేవాళ్లు నవ్వుతరు. ఖాళీ వ్యాను తిప్పుతుంటేనే ఇట్ల ఉంది. రేపు పొద్దున షిఫ్టు నుంచి బండి మళ్లీ పెట్టమని కంపెనీ సూపర్‌వైజర్ చెప్పిండు. కంపెనీలో పనిచేసే పదిహేడు మంది ఆడవాళ్లను మళ్లీ ఎక్కించుకోవాలె, అందులో నా భార్య నిషిత ఒకతి.

మీకు చాలావరకు తెలిసిన భాగం తొందరగా చెప్పి పక్కన పెడత. ఈ నెల నాలుగున, శుక్రవారం జుమ్మా నాడు మీరు పాత ఇంజన్ దింపి, స్క్రాప్ మార్కెట్‌లో తెచ్చిన ఇంజన్ ఎక్కించిన్రు. సాయంత్రం స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్ లెక్క నడిచింది. సోమవారం పొద్దున బండి కింద పళ్లెమంత నల్ల మరక. కొత్తగా బిగించింది కదా, సర్దుకుంటుందిలే అనుకొని లీటరు ఆయిల్ పోసి తీసుకపోయిన. మంగళవారం రెండు లీటర్లు పట్టింది. ఎవరికీ చెప్పలేదు. బుధవారం గడ్డపోతారంలో, కంపెనీ గేటు కనబడుతుండగా, నా సీటు పక్కన ఇంజన్ మూత సందుల్లోంచి పొగ లేచింది.

ఆ మూత పక్క సీటు నిషితది. కాళ్లు పైకి ఎత్తుకొని నా దిక్కు చూసింది. ముందర నిప్పు తగిలితే అంటుకునే సాల్వెంట్ ట్యాంకర్లు మూడు లోపలికి పోవడానికి వరుసగా ఆగి ఉన్నయి. కారిన ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడి కాలుతోందని అప్పుడు అర్థమైంది. బండి ఎడమకు కోసి ఆపిన. అందరికీ కలిపి తలుపు ఒక్కటే, దారిలో టిఫిన్ సంచులు. వాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ దిగుతుంటే నేను స్టీరింగ్ పట్టుకొని కూర్చున్న. తాళం తిప్పి ఇంజన్ ఆపింది కూడా నిషితే. ఎవరికీ ఏం కాలేదు, పొగ తనంతట తనే తగ్గింది.

ఆ భయం సాయంత్రానికి కోపమైంది. మీ షెడ్డు పక్క వ్యాన్ల స్టాండ్‌లో పది మంది డ్రైవర్ల ముందు మిమ్మల్ని నిలబెట్టి, కళ్లు కనబడని మనిషికి బండి ఇచ్చుడు నాదే తప్పని, ఆయిల్ కారకుండ ఆపే సీలు కొత్తది ఏయకుండ పాతదే తుడిచి మళ్లీ ఏసిండని, పదిహేడు మందిని కాల్చి చంపేటోడని అన్న. మీరు చేతులు తుడుచుకొని, మీ రిపేరు షెడ్డు తాళం ఛాయ్ కొట్టు ఆగమ్మకు ఇచ్చి పోయిన్రు. నలభై ఏండ్ల షెడ్డు ఆ రోజు మూతపడ్డది, ఇప్పటిదాకా తెరుచుకోలేదు.

తర్వాత సంగతి మీకు తెలియదు. బండిని బొల్లారంలో మెకానిక్ ఐలన్న దగ్గర పెట్టిన. గేర్‌బాక్స్ దింపి వెనక సీలు తీసి చూస్తే అది సరికొత్తది. మీరు ఏసిన సీలు నా చేతిలో పెట్టి, ఇది పాతదని ఎవడన్నడురా అని అడిగిండు. అయినా ఇంకోటి ఏసి బిగించినం, అరగంటకు మళ్లీ కారింది.

అప్పుడు ఐలన్న ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడర్ తెమ్మన్నడు. ఇంట్లో నిషిత డబ్బా తెచ్చిచ్చిన. అంతటా చల్లి పది నిమిషాలు నడిపినం. ఆయిల్ ఎక్కడ పుడితే అక్కడ తెల్ల పౌడర్ మీద నల్ల చార పడుతది కదా. పడ్డది. ఒకటి కాదు, వెనక సీలు దగ్గర, ముందర సీలు దగ్గర, పైన మూత చుట్టూ, అన్ని దిక్కులా చారలే. చూస్తుండగానే ఆయిల్ కొలిచే పుల్ల టప్పున పైకి ఎగిరింది. నేను షెడ్డు బయటికి ఉరికిన. నవ్వుకోండి, నిజంగానే ఉరికిన.

ఐలన్న ఆయిల్ పోసే మూత విప్పితే బుస్సుమని గాలి ముఖానికి కొట్టింది. లోపల పిస్టన్లు పోయినయి, ఇంజన్ స్క్రాప్‌లో పడెయ్యి అన్నడు. అంతలో ఆయనకే అనుమానం వచ్చి, బండి కిందికి దూరి, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టిండు. అక్కడ ఊపిరి లేదు. పైపు విప్పి నోటితో ఊదితే గాలి పోలేదు. తీగ పెట్టి గుంజితే జానెడు గుడ్డ వచ్చింది, నల్లగా, ముద్దగా. లోపలి గాలికి దారి లేక ఎక్కడ సందు దొరికితే అక్కడికి ఆయిల్‌ను నెట్టిందట. గుడ్డ తీసినంక రెండు రోజులు నడిపినం. కింద అట్టపెట్టె పరిచి చూసినం, ఒక్క చుక్క లేదు.

దుమ్ము పడకుండ గుడ్డ పెట్టి తియ్యడం మరిచిపోయి ఉంటడు పెద్దమనిషి అని ఐలన్న అన్నడు. స్టాండ్‌లో కూడా అందరూ అదే మాట అంటున్నరు. నేనేమీ అనలేదు. పెద్ద వయసు, ఒక్కడే అంత పని చేసుకున్నడు, ఎవరికైనా జరుగుతది. నా మనసులో కోపం లేదు, మీరు కూడా ఏమీ పెట్టుకోకండి. జరిగిందేదో జరిగింది.

ఒక్కసారి వచ్చి ఆ ఇంజన్ చప్పుడు వినిపోండి. ఐలన్న మంచిగుందన్నా నా భయం పోతలేదు. మీరు విని సరే అంటేనే నిషితను ఆ సీట్లో ధైర్యంగా కూర్చోబెడత. అమ్మకు నా సలాం చెప్పండి.

మీ రాక కోసం ఎదురుచూసే,
ప్రవీణ్

తా.క.
20 జూలై, ఆదివారం.

పైన రాసింది మూడు రోజులుగా జేబులోనే ఉంది. పోస్టు డబ్బా దాకా రెండుసార్లు పోయి వచ్చిన.

ఉస్తాద్, ఆ గుడ్డ పెట్టింది నేను.

ఆ రోజు మీరు జుమ్మా నమాజ్‌కు పోయినప్పుడు బండి కిందికి దూరి చూసిన. పాత ఇంజన్‌కు ఆ పైపు పైకి పోయి ఫిల్టర్‌కు తగిలి ఉండేది. దీనికి మూతి తెరుచుకొని కిందికి వేలాడుతోంది. మీకు కనబడక బిగించడం మరిచిపోయిన్రని అనుకున్న, ఈ ఇంజన్‌కు అది అట్లనే ఉండాలని అప్పుడు తెలియదు. వాన నీళ్లు లోపలికి పోతయని భయమేసింది. నమాజ్ నుంచి వచ్చినంక అడిగితే అయిపోయేది. పెద్దమనిషి తప్పు ముఖం మీద ఎత్తి చూపుడు ఏం మర్యాద అని, అద్దం తుడిచే గుడ్డ చింపి, స్క్రూడ్రైవర్‌తో లోపలికంటా కుక్కిన. మీకు చెప్పలేదు. గౌరవం చేసిన అనుకున్న, ఆ తర్వాత గుడ్డ సంగతే మరిచిపోయిన. అయిదు రోజులకు అదే నోటితో పది మందిలో మిమ్మల్ని కండ్లు లేనోడన్న.

ఐలన్న దాన్ని బయటికి గుంజిన క్షణంలోనే గుర్తుపట్టిన. ఎవరూ సరిగ్గా చూడకముందే జేబులో పెట్టుకున్న, అక్కడే మరిచిపోయిన. నిషిత ప్యాంటు ఉతుకుతుంటే దొరికింది. సబ్బు పెట్టి రుద్దింది. చిలకపచ్చ మీద తెల్ల చుక్కలు, ఆమె పాత చున్నీ ముక్క. అద్దం తుడవడానికి తనే ఇచ్చింది. పైపులో గుడ్డ దొరికిందన్న స్టాండ్ మాట ఆమె కూడా విన్నది. దాన్ని పిండి, మా బట్టలతో పాటే తీగ మీద ఆరేసింది.

శుక్రవారం పొద్దున నాకంటే ముందు తయారై, షేర్ ఆటోలో పోతున్న అని చెప్పి పోయింది. నిన్న కూడా అంతే. నా పక్క సీటు ఖాళీగా ఉంటే తక్కినవాళ్లు అడిగిన్రు, జ్వరమని చెప్పిన. అదొక అబద్ధం. పదహారు మందిని ఎక్కించుకొని గడ్డపోతారం దాకా పోతుంటే ఆ ఖాళీ సీటు దిక్కు చూడలేకపోయిన. చుక్క ఆయిల్ కారలేదు. అయినా ఎవరికీ చెప్పకుండ ఇంకేం చేసి మరిచిపోయిననో అని నాకు నా మీదనే భయం పట్టుకుంది.

రేపు పొద్దున ఆరు గంటలకు, బండి ఎక్కే ముందు, స్టాండ్‌లో డ్రైవర్ల ముందు, ఆ ఆడవాళ్ల ముందు ఇదంతా చెప్త. మీరు లేనప్పుడు చెప్పుడు సరికాదు, కానీ మీరు వచ్చేదాకా ఆగితే నా నోరు మళ్లీ మూతపడుతది. చెప్పినంక ఎవరు ఎక్కుతరో, ఎవరు వెనక్కి పోతరో తెలియదు. మీరు రాకున్నా నేను అనడానికేమీ లేదు.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని నిషితకే ఇస్తున్న. కవరు అంటించలేదు.